వకాల్తు ఎవరి కిచ్చితిమి?

కక్షిదారుఁడు తానే న్యాయస్థానమున నిలిచి తన మాట తాను చెప్పుకొనఁజాలనప్పుడు వకీలునకు వకాల్తునామా వ్రాసి యిచ్చును. ఆ కాగితముపైఁ జేవ్రాలు పడిన క్షణమునుండి వకీలు పలికిన పలుకు కక్షిదారుని పలుకే యగును. వకీలు చేతి కందిన కాగితము కక్షిదారుని చేతి కందినట్లే యగును. కావుననే వివేకి యగువాఁడు సంతకము పెట్టుటకు మునుపు అందేమి వ్రాయఁబడినదో చదివించుకొనును. ఎవరి పేర వ్రాయఁబడినదో చూచుకొనును. వలదనుకొన్ననాఁడు రద్దు చేసికొను హక్కు తనయందే యుంచుకొనును. ఇరువదేండ్లుగా సంగారెడ్డి న్యాయస్థానమున వృత్తి నడపుచు, వచ్చినవారి కెల్ల నీ హితవు చెప్పుచున్న నేను, నా బల్లపై నున్న కంప్యూటరులో నొక యజ్ఞాతునకు సర్వాధికారములతో వకాల్తు నిచ్చి, రెండు నెలలు ఆ సంగతి యెఱుఁగక కూర్చుంటిని. నా సిగ్గు నాతోనే యుండవచ్చును గాని, ఇట్టి వకాల్తులు మన పట్టణములలో ననేక గృహములందును, కచేరీలందును ఉండవచ్చునని తెలిసినపిమ్మట మిన్నకుండుట తప్పగును. అందుచే నీ నాలుగు మాటలు.

జరిగిన దిది. పాశమైలారము వైపు నొక కర్మాగారములో యంత్రమునఁ జిక్కి రెండు వ్రేళ్లు పోఁగొట్టుకొన్న కార్మికుని అర్జీ నాకడ నుండెను. దానిని ఈ-ఫైలింగు ద్వారా దాఖలు చేయుటకు గడు వా రాత్రితో ముగియును. దీపములు పెట్టిన వేళ నేను బ్రౌజరు తెఱవఁగా, ప్రాక్సీ సర్వరు కనెక్షనును నిరాకరించుచున్న దను మాట తప్ప మఱేమియుఁ గానరాలేదు. గోడమీఁది పెట్టెలో వై-ఫై దీపము వెలుఁగుచునే యున్నది. అదే వై-ఫైపై గుమాస్తా ఫోను చక్కఁగాఁ బనిచేయుచున్నది. యంత్రమును మూఁడు మాఱు లార్పి మరల వెలిఁగించితిమి, ఫలము లేదు. ఆ కార్మికుఁడు వ్రేళ్లు లేని చేతిని తువ్వాలులో దాఁచుకొని వరండాలోఁ గూర్చుండి, "వకీలు సాబ్, ఇయ్యాల కాకుంటె ఇంక కాదా?" అని రెండు మాఱు లడిగెను. సమాధానము చెప్పుటకు నాకు నోరాడలేదు.

రాత్రి తొమ్మిది గంటల వేళ, ఇంజనీరింగు చదువుచున్న నా మేనల్లుఁడు వచ్చి, బ్రౌజరు సెట్టింగులు తెఱచి చూచి, "మామా, మీ బ్రౌజరు బయటికే పోతలేదు. ఈ కంప్యూటరు లోపలనే ఉన్న ఒకాయనకు ఉత్తరాలన్నీ ఇస్తున్నది. ఆయనేమో నిన్ననే వెళ్లిపోయిండు" అనెను. సంగతి యేమనఁగా, రెండు నెలల క్రిందట కంప్యూటరు బాగుచేయ వచ్చినవాఁ డొకఁడు, వేగము పెంచునని చెప్పి, ఉచితముగ దొరకు నొక ప్రోగ్రాము నందుఁ బెట్టిపోయెను. అది ప్రకటనలతో విసిగించుచుండఁగా గుమాస్తా దానిని ముందునాఁడు తొలఁగించెను. ప్రోగ్రాము పోయెను, అది బ్రౌజరునకుఁ జేసిన యేర్పాటు మాత్రము పోలేదు. బంట్రోతు పని మాని వెళ్లిపోయినను, ఉత్తరములను ఖాళీగా నున్న యాతని పీఁటపైఁ బెట్టుచున్నట్లు, బ్రౌజరు మా కోరికల నన్నిటిని లేని ప్రాక్సీకే యిచ్చుచుండెను. ఆ యేర్పాటును తీసివేయుటకు అరనిమిషము పట్టెను. పదునొకండు గంటల లోపల అర్జీ దాఖలయ్యెను. కార్మికుఁడు దండము పెట్టి వెళ్లెను.

అతఁడు వెళ్లినపిమ్మటఁ గాని నా కసలు కష్టము తెలియలేదు. దానిని జెప్పుటకు మునుపు ప్రాక్సీ యన నేమో చదువరులకుఁ గొంత విన్నవింపవలసియున్నది.

మామూలుగ మన బ్రౌజరు తానే నేరుగఁ బోయి, మనము కోరిన పుటను ఆ పుట గల సర్వరునుండి యడిగి తెచ్చును. ప్రాక్సీ నేర్పఱచినపుడు బ్రౌజరు నేరుగఁ బోదు. తన కోరికను ప్రాక్సీ కిచ్చును. ప్రాక్సీ పోయి తెచ్చి యిచ్చును. అనఁగా అది మన పక్షమున లోకముతో మాటలాడు ప్రతినిధి. ఆ ప్రతినిధి వేఱొక యంత్రమున నుండవచ్చును, మన యంత్రములోనే యుండవచ్చును. 127.0.0.1 అను చిరునామా ఏ కంప్యూటరునం దున్న నా కంప్యూటరునకే చెందును. 'నా యిల్లే' యనుట వంటిది. దాని వెంట వ్రాయు 8080 వంటి పోర్టు సంఖ్య ఆ యింటిలోని యొక గది సంఖ్య. ఈ రెంటిని బ్రౌజరు సెట్టింగులలో వ్రాసిన చాలును, వకాల్తునామా పూర్తి యైనట్లే. చేవ్రాలు లేదు, సాక్షులు లేరు, ముద్ర లేదు.

ఈ యేర్పాటు చెడు తలంపుతోఁ బుట్టినది గాదు. 1994 నాఁటికే యూరపులోని సెర్న్ పరిశోధనాలయపు సర్వరు ప్రాక్సీగఁ బనిచేయుచుండెను. లోపలి యంత్రములు నేరుగ వెలుపలికిఁ బోరాని చోట నిది దారి చూపెను. 1996లో స్క్విడ్ అను ప్రాక్సీ వెలువడెను. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టు నందిచ్చినది 1995 ఆగష్టు 15వ తేదీన. ఆ కాలమున తీఁగ సన్నము, వెల హెచ్చు. ఒకఁడు చదివిన పుటను ప్రాక్సీ నిలువచేసి యుంచి, మఱొకఁ డడిగినపుడు దూరదేశమునకుఁ బోకయే యిచ్చెడిది. మన తెలంగాణ గ్రామములలో నీరడి చెఱువు తూము కడ నిలిచి వంతుల వారీగఁ బొలములకు నీరు విడుచునట్లే, అదియు నున్న కొలఁది నీటిని నలుగురికిఁ బంచిపెట్టెడిది. నీరడి లేని చెఱువు గట్టు నిలువదు. అతఁడు గ్రామమునకు సేవకుఁడు.

నేఁటికిని సొంత యంత్రమున సొంత ప్రాక్సీ నుంచుకొనువారు కలరు, వారికిఁ దగిన కారణములును గలవు. ప్రకటనలను, వెంట నంటి తిరుగు గూఢచారి లిపులను వాకిటనే యాపుటకుఁ గొందఱు. తాము కట్టిన వెబ్‌సైటు ఏమి యడుగుచున్నదో, ఏమి పంపుచున్నదో పరీక్షించుటకుఁ గొందఱు. నిర్బంధము గల దేశములందు వార్తలు చదువుటకు టోర్ వంటి సాధనముల నాశ్రయించువారు మఱికొందఱు. వీరందఱు తమ వాకిట తామే కావలివానిని నిలిపినవారు. వాని కేమి చెప్పిరో వా రెఱుఁగుదురు, వలదన్ననాఁడు పంపివేయఁగలరు. ఇందుఁ దప్పు పట్టవలసిన దేమియు లేదు.

తప్పెచ్చట నున్నది? మన ఇప్పటి వెబ్‌సైటులలోఁ బెక్కింటి చిరునామాలు హెచ్.టి.టి.పి.ఎస్. అని మొదలగును. దానికి బ్రౌజరులలో తాళపు గుర్తు వాడుకలోనికి వచ్చినది. దాని యర్థము, మనకును ఆ సర్వరునకును నడుమ సాగు ఉత్తరము సీలు వేసిన కవరులో నున్నదని. ఇట్టి కవరు చేతి కిచ్చినను మామూలు ప్రాక్సీ పైనున్న చిరునామాను మాత్రమే చదువఁగలదు. ఏ బ్యాంకునకుఁ బోవుచున్నదో యెఱుఁగును, అందెంత సొమ్మున్నదో యెఱుఁగదు. ఇది పరిమితాధికార వకాల్తు. కాని ప్రాక్సీతోఁబాటు ఒక మూల సర్టిఫికెట్టును గూడ మన యంత్రము నమ్ముపట్టికలోఁ జేర్చిన యెడల సంగతి మాఱును. అప్పుడా ప్రాక్సీ కవరు విప్పి, చదివి, వలసిన మార్చి, తన సీలు వేసి, మఱల మన చేతికిచ్చును. ఆ సీలును నమ్ముమని మనమే చెప్పియుండుటచే బ్రౌజరు తాళపు గుర్తు నెప్పటివలెనే చూపును. ఇది సర్వాధికార వకాల్తు. ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేసి యిచ్చుట.

నా మేనల్లుఁ డా రాత్రి సర్టిఫికెట్ల పట్టికను గూడఁ దెఱచి చూచెను. వెళ్లిపోయిన యా ప్రోగ్రాము తన మూల సర్టిఫికెట్టు నందే విడిచి పోయినది.

ఇది నా యొక్కని దురదృష్టము గాదు. 2014 సెప్టెంబరు మొదలు 2015 ఫిబ్రవరి వఱకు లెనోవో సంస్థ అమ్మిన కొన్ని ల్యాప్‌టాపులలో సూపర్‌ఫిష్ అను ప్రోగ్రాము ముందే పెట్టఁబడియుండెను. అది యంత్రము లోపలనే కూర్చుండి, కవరులు విప్పి, పుటలలోఁ దన ప్రకటనలు చొప్పించెడిది. అన్ని యంత్రములందును సీలుముద్ర యొక్కటియే. దాని రహస్యపు తాళపుచెవియు నా యంత్రములలోనే యుండెను. ఒకని యంత్రమునుండి యది దొంగిలినవాఁ డందఱి యుత్తరములను విప్పఁగలఁడు. వెల యిచ్చి కొన్న క్రొత్త యంత్రము గతియే యిట్లుండఁగా, ఉచితముగ వచ్చిన ప్రోగ్రాము మాట చెప్పనేల?

ప్రభుత్వములు గూడ నీ మార్గము నెఱిఁగినవే. 2019 జూలైలో కజకిస్తాను ప్రభుత్వము తన ప్రజల నొక సర్టిఫికెట్టును తమ యంత్రములలోఁ బెట్టుకొనుఁడని నిర్దేశించెను. ఆగష్టులో గూగుల్, మొజిల్లా, ఆపిల్ సంస్థలు తమ బ్రౌజరు లా సర్టిఫికెట్టును నమ్మకుండునట్లు చేసినవి. మన దేశమునందే 2014 జూలైలో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరు పేర గూగుల్ చిరునామాలకుఁ దగని సర్టిఫికెట్లు పుట్టిన సంగతి బయలుపడెను. ఆ సంస్థ సర్టిఫికెట్లిచ్చు విధానమే భంగపడెనని విచారణలోఁ దేలి, అవి రద్దయ్యెను. సీలుముద్ర యెవరి చేతిలో నున్న నేమి, అది జాఱినచో నష్టము మనదే యని యిందువలనఁ దేలుచున్నది.

ఇఁక మన ప్రాంతము మాట. పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారముల కర్మాగారములలో మన జిల్లావారును, ఒడిషా, బీహారులనుండి వచ్చినవారును బనిచేయుచున్నారు. యంత్రము నడపువానికి కంప్యూటరుతోఁ బని తక్కువ యైనను, ప్రయోగశాలలో, గిడ్డంగిలో, లెక్కల గదిలోఁ బనిచేయువారి దినమంతయు దాని యెదుటనే గడచును. సంస్థల కంప్యూటరులలో ప్రాక్సీయు, సర్టిఫికెట్టును బెట్టుట లోకమున నెల్లెడల నున్న యాచారమే. యజమానులు చెప్పుకొను కారణములను ద్రోసివేయరాదు. ఔషధము తయారు చేయు సూత్రము ఆ సంస్థకుఁ బ్రాణము. దానిని దొంగిలించువారు కలరు. ఉత్తరమువెంట వచ్చిన వైరసు కర్మాగారము నంతటిని నిలిపివేయఁగలదు. యంత్రము యజమానిది, కాలము యజమానిది. కావలివానిని నిలుపు హక్కు నాతనికిఁ గలదు. 2023 నాఁటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 7వ సెక్షనులో, ఉద్యోగ కార్యములకును, వ్యాపార రహస్యముల రక్షణ వంటి పనులకును, అంగీకారము లేకయే సమాచారమును వాడుకొనుటకు వీలు గల్పించినది.

ఇంతవఱకు నొప్పుకొందము. కాని యజమాని గుమ్మమునఁ గావలివాఁ డుండుట వేఱు. ఆ కావలివాఁడు కార్మికుని భార్య వ్రాసిన యుత్తరమును విప్పి చదువుట వేఱు. మధ్యాహ్న విరామమున ఆ యంత్రముపైననే తన బ్యాంకు పుటను తెఱచినవాఁడు, వైద్యుని నివేదిక చూచుకొన్నవాఁడు, యజమానిపైననే ఫిర్యాదు వ్రాయుచు వకీలునకు సందేశము పంపినవాఁడు, తాళపు గుర్తును జూచి తన మాట తనదే యని నమ్మును. ఆ నమ్మకము వమ్మైన సంగతి యాతనికిఁ జెప్పవలసినవా రెవరు? 2017 ఆగష్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని యేకగ్రీవముగఁ దీర్పు చెప్పినది. తపాలా ఉత్తరమును విప్పవలెనన్న 1898 నాఁటి పరప్రభుత్వపు చట్టము సైత మొక యుత్తరువు కావలెననెను. దాని స్థానమున వచ్చిన 2023 నాఁటి తపాలా చట్టపు 9వ సెక్షను సైతము ప్రభుత్వ ప్రకటనచే నధికారము పొందిన యుద్యోగికే యా పని యప్పగించినది. ఏ యుత్తరువును లేకుండ, ఏ నోటీసును లేకుండ, ఒక సెట్టింగుతో కవరు విప్పు నధికారము కర్మాగారపు కంప్యూటరు గదికి గాని, బాగుచేయవచ్చిన కుఱ్ఱవానికి గాని యెట్లు సంక్రమించును?

చట్టము వచ్చి కాచునని యూరకుండుటయుఁ గూడదు. 2023 చట్టమునకు నియమావళి 2025 నవంబరులోఁ బ్రకటింపఁబడినది. అందలి ముఖ్యమైన బాధ్యతలకుఁ బదునెనిమిది నెలల గడు వియ్యఁబడినది. గడువు లోపల యజమానులు తమంతఁ దామే చేయఁదగిన పనులు మూఁడు కలవు. మొదటిది, ప్రాక్సీ యెచ్చట నున్నది, అది కవరు విప్పునా లేదా, విప్పిన దెన్నాళ్లు నిలువయుండును అను విషయములను పనివారి భాషలో, అనఁగాఁ దెలుఁగులోను, హిందీలోను, ఒడియాలోను, వ్రాసి గోడమీఁద నంటింపవలెను. అంగీకారము గోరునప్పు డిచ్చు నోటీసును రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు భాషలలో దేనియందైనఁ బొందు వీలుండవలెనని యా చట్టమే చెప్పినది, ఆ మర్యాద నిచ్చటను బాటించుట కడ్డేమి? రెండవది, బ్యాంకు, వైద్యము, న్యాయస్థానము అను మూఁటికి సంబంధించిన చిరునామాలను విప్పక విడిచిపుచ్చవలెను. ఇట్టి మినహాయింపు ప్రాక్సీలలోఁ జేయుట సాధ్యమే. మూఁడవది, కార్మికుని సొంత ఫోనులో సంస్థ సర్టిఫికెట్టును బెట్టుమని యడుగరాదు. ఇంటర్నెట్టు సెంటరులకును, విద్యాలయములకును, గ్రంథాలయములకును ఇవియే వర్తించును. పఠన మందిరమున కూర్చున్నవాఁడు ఏ పుస్తకము చదివెనో వాకిట వ్రాసి యుంచు గ్రంథపాలకుఁడు మనకు వలదు.

ఇఁక మన పని. బ్రౌజరు సెట్టింగులను జూచుట పండితుల పని యని భయపడ నక్కఱలేదు. ఫైర్‌ఫాక్సు నందు సెట్టింగులలో నెట్‌వర్కు సెట్టింగులను భాగమును వెదకిన, ప్రాక్సీ లేదు, తానే కనుఁగొనుట, యంత్రపు సెట్టింగులు, చేతితో వ్రాయుట, స్వయంచాలక చిరునామా అను నైదు మార్గములు కనఁబడును. క్రోము, ఎడ్జి బ్రౌజరులు విండోసు సెట్టింగులనే యనుసరించును. అందు నెట్‌వర్కు విభాగమున ప్రాక్సీ యను పుట కలదు. సొంత ప్రాక్సీ కావలసినవారు చేతితో వ్రాయు మార్గమెన్నుకొని, చిరునామా స్థానమున 127.0.0.1 అనియు, పోర్టు స్థానమున తమ ప్రోగ్రాము చెప్పిన సంఖ్యను వ్రాసి, హెచ్.టి.టి.పి.ఎస్.నకు నదియే వర్తించునట్లు గుర్తు పెట్టవలెను. పిమ్మట నా ప్రోగ్రామును క్షణకాల మాపి చూడవలెను. క్రొత్త పుట లేమియుఁ దెఱచుకొననిచో నుత్తరములు దాని చేతిమీఁదుగనే పోవుచున్నవని నిశ్చయము. ప్రోగ్రామును దీసివేయునాఁడు సెట్టింగును, సర్టిఫికెట్టును గూడఁ దీసివేయవలెను. నాకుఁ గలిగిన యాపద కదియే మందు.

తా మేర్పఱపని ప్రాక్సీ కనఁబడినవా రది యెవరిదో విచారింపవలెను. కార్యాలయపు యంత్రమైన నడుగవలెనే కాని స్వయముగఁ దీసివేయరాదు. అది యజమాని సొత్తు. బ్యాంకు పుట తెఱచినపుడు చిరునామా ప్రక్కనున్న గుర్తును నొక్కిన సర్టిఫికెట్టు నిచ్చినవారి పేరు కనఁబడును. అచ్చట మీ సంస్థ పేరో, వైరసు నిరోధక ప్రోగ్రాము పేరో యున్నచో కవరు మార్గమధ్యమున విప్పఁబడుచున్నదని గ్రహింపుఁడు. అట్టి యంత్రముపై కుటుంబపు మాట, డబ్బు మాట, వ్యాజ్యపు మాట వ్రాయకుఁడు.

మన ప్రాంతము వారి కీ నీతి క్రొత్త గాదు. నిజాము రాజ్యమున గస్తీ నిషాన్ 53 అమలులో నున్న దినములలో, పదిమంది కూడి మాటలాడుకొనుటకు సైతము ముందుగ ననుమతి పొందవలసి యుండెను. ఆ నిర్బంధపు నీడలోనే 1930లో ఈ జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ఆంధ్ర మహాసభ తొలి సమావేశము జరిగెను. ఆనాఁటి నిర్బంధము ముద్ర వేసిన కాగితముపై నుండెను. ఎదిరింపవలసిన దేదో యందఱికిఁ గనఁబడెను. నేఁటిది కంటికిఁ గనఁబడని సెట్టింగులో దాఁగియుండుటచే, ముందుగ దానిని జూచుటయే మన మొదటి పని.

చివర కొక్కమాట. వకీలునకుఁ గక్షిదారుఁడు చెప్పిన మాటకు భారతీయ సాక్ష్య అధినియమము 132వ సెక్షను రక్షణ నిచ్చుచున్నది. కక్షిదారుని సమ్మతి లేనిదే నే నా మాటను బయట పెట్టరాదు. ఆ రెండు నెలలలో ఆ కార్మికుని యాసుపత్రి కాగితములు, కూలి లెక్కలు, ఇంటి చిరునామా, అన్నియు నా యంత్రము మీఁదుగనే పోయినవి. అతఁడు వకాల్తు నిచ్చినది నాకు. నే నాతని నడుగకయే దానిని మఱొకని చేతఁ బెట్టితిని. మఱునాఁడు నా కక్షిదారులను ఒక్కొక్కరినే పిలిచి సంగతి చెప్పితిని. ఆ కార్మికుఁ డంతయు విని, "మీరు చెప్పిండ్రు గదా సాబ్, చెప్పనోళ్ల సంగతేంది?" అనెను. ఆ ప్రశ్నకు నాకడఁ బ్రత్యుత్తరము లేదు. కర్మాగారముల యజమానులును, కంప్యూటరులు బాగుచేయువారును, ఈ పుట చదువుచున్న మనమందఱమును దానికి సమాధానము చెప్పవలసియున్నాము.